నాలుగోసారి రాని మనిషి

చాలా ఏళ్ళ కిందట కొన్నాళ్ళు ఒక అనుమతుల ఆఫీసులో పనిచేశాను. వచ్చిన దరఖాస్తు తీసుకోవడం, జతచేసిన కాగితాలు సరిపోయాయో లేదో చూడటం, తక్కువైతే ఏం తక్కువైందో చీటీ మీద రాసి తిప్పి పంపడం నా పని. ఒకరోజు ఒకావిడ వచ్చింది. ఉద్యోగాలకెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో చూసుకుంటానని, దానికి అనుమతి కావాలని అడిగింది. అప్పటికే ఇద్దర్ని చూస్తోందట. వాళ్ళలో ఒకణ్ణి చంకనేసుకునే వచ్చింది. కాగితాలు తిరగేశాను. గది కిటికీ నియమం ప్రకారం ఉండాల్సినంత వెడల్పు లేదు. చీటీ రాసిచ్చాను.

కిటికీ పెద్దది చేయించుకుని రెండోసారి వచ్చింది. అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం లేదు. మళ్ళీ చీటీ. అదీ తెచ్చుకుని మూడోసారి వచ్చింది. ఈసారి పిల్లలకి విడిగా మరుగుదొడ్డి ఉండాలన్న నియమం అడ్డొచ్చింది. నిజానికి అది మొదటిసారే చెప్పాల్సింది, నేను చూసుకోలేదు. ఆవిడ ఏమీ అనలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. నాలుగోసారి రాలేదు.

ఏడాది చివర మా ఆఫీసు నివేదిక తయారైంది. వచ్చినవి ఇన్ని, మంజూరైనవి ఇన్ని, తిరస్కరించినవి ఇన్ని. ఆవిడ మూడింట్లో ఎక్కడుందని చూస్తే, మొదటి అంకెలో తప్ప ఎక్కడా లేదు. ఆవిణ్ణి మేము తిరస్కరించలేదు. 'అసంపూర్తి' అని ఫైలు మూసేశాం. ఆ పిల్లల తల్లులు ఏమయ్యారో, పని మానేశారో, పిల్లల్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్ళారో, ఆ నివేదికలో ఎవరికీ తెలిసే దారి లేదు. పిల్లల భద్రత కోసం పెట్టిన నియమాలు ఆ ఇద్దరు పిల్లల్నీ ఎక్కడికి పంపాయో నాకు ఇవాళ్టికీ తెలియదు.

మనుషుల బతుకుల్లో, బేరాల్లో ప్రభుత్వం వీలైనంత తక్కువ వేలుపెట్టాలనేవాళ్ళని లిబర్టేరియన్లు అనండి, స్వేచ్ఛావాదులనండి, వాళ్ళ వాదన నాకు పట్టుబడింది ఇక్కడే. స్వేచ్ఛావాదం అనగానే పన్నులు కట్టడం ఇష్టంలేని డబ్బున్నవాళ్ళ గోల అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ వాదనని దాని మూలపురుషుల దగ్గర చదివితే మాత్రం, అది మొదటినుంచీ కనబడని మనిషి గురించిన ఆవేదన అనిపించింది నాకు. ఫ్రాన్సుకి చెందిన ఆర్థికవేత్త ఫ్రెడెరిక్ బాస్తియా 1850లో, క్షయతో చావుకి దగ్గరపడుతున్న రోజుల్లో రాసిన వ్యాసమే దీనికి ఆధారం. ఒక కుర్రాడు కొట్టువాడి కిటికీ అద్దం పగలగొడతాడు. పోన్లే, అద్దాలవాడికి పని దొరికింది కదా అని చుట్టూ చేరినవాళ్ళు ఓదారుస్తారు. అద్దాలవాడికి దొరికిన పని అందరికీ కనిపిస్తోంది. అద్దం పగలకపోయుంటే అదే డబ్బుతో ఆ కొట్టువాడు కొత్త బూట్లు కొనుక్కునేవాడు. బేరం పోయిన ఆ చెప్పులుకుట్టేవాడు అక్కడ లేడు, తను నష్టపోయానన్న సంగతి అతనికే తెలియదు. ప్రభుత్వం చేసే ప్రతి పనిలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడని, అతణ్ణి లెక్కలోకి తీసుకోనిది ఆర్థికశాస్త్రమే కాదని బాస్తియా వాదన.

దానికి వందేళ్ళు నిండకముందే ఫ్రీడ్రిక్ హాయెక్ అనే ఆర్థికవేత్త ఇంకో మెట్టు కిందికి దిగాడు. 1945లో రాసిన వ్యాసంలో ఆయన తగరాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. ప్రపంచంలో ఎక్కడో తగరం కొరత వచ్చింది. గని మూతపడిందా, లేక ఎవరో తగరానికి కొత్త ఉపయోగం కనిపెట్టారా అన్నది వాడుకునేవాళ్ళకి తెలియనక్కర్లేదు. ధర పెరుగుతుంది. ఎవరికి వాళ్ళు కాస్త తగ్గించి వాడతారు, కొందరు వేరే లోహానికి మారతారు. వేలమంది తలల్లో చెల్లాచెదురుగా ఉన్న సమాచారం ఒక అంకెలోకి చేరి, అవసరమైనవాళ్ళందరికీ అందుతోంది. ఏ ప్రణాళికా సంఘమూ ఆ సమాచారాన్ని ఒకచోట పోగుచెయ్యలేదు. ఆ సంఘంలో కూర్చున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళని కాదు దీనర్థం. ఆ సమాచారంలో చాలావరకు కాగితం మీద పెట్టగలిగేది కాదు: ఏ యంత్రం ఎలాంటి చప్పుడు చేస్తే ఆపాలో, ఏ పొలంలో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ పిల్లాడు ఎవరి చేతుల్లో ఏడుపు మానతాడో.

ధరని ప్రభుత్వం బిగించేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే నేను రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 301లో చెక్కించిన గరిష్ఠ ధరల శాసనం దగ్గరికి వెళ్ళను, అది మరీ దూరం. 1948 జర్మనీ చాలు.

అక్కడ ధరల్ని స్తంభింపజేసింది 1936లో నాజీ ప్రభుత్వం. యుద్ధం ముగిసి, హిట్లర్ పోయాక కూడా జర్మనీని ఆక్రమించుకున్న మిత్రదేశాలు అవే ధరల్ని కొనసాగించాయి. కాగితం మీద అన్నీ చవకే. కొట్లో మాత్రం ఏమీ లేదు. 1947లో చాలాచోట్ల అధికారిక రేషన్ మనిషికి రోజుకి 1,500 కేలరీలకి కూడా చేరేది కాదు. అమెరికన్ సిగరెట్లు డబ్బుగా చెలామణీ అయ్యాయి. పట్నాలవాళ్ళు ఇంట్లో ఉన్న తివాచీలు, వెండి చెంచాలు సంచుల్లో కుక్కుకుని కిక్కిరిసిన రైళ్ళలో పల్లెలకి పోయి, రైతుల గుమ్మాల ముందు నిలబడి బంగాళాదుంపలకి మార్చుకునేవాళ్ళు. దారిలో పోలీసులు పట్టుకుంటే ఆ దుంపలూ పోయేవి.

1948 జూన్ 20, ఆదివారం. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ చేతుల్లో ఉన్న పశ్చిమ మండలాల్లో పాత కరెన్సీ రద్దయి డాయిష్ మార్క్ వచ్చింది. మొదటి విడతగా తలా 40 మార్కులు పంచారు. ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న లుడ్విగ్ ఎర్హార్డ్ దాంతోపాటే చాలా వస్తువుల మీద ధరల అదుపు ఎత్తేశాడు. సోమవారం పొద్దున్న జనం వీధుల్లోకి వచ్చి చూస్తే కొట్ల అద్దాల వెనక గిన్నెలు, బూట్లు, సైకిల్ టైర్లు, బట్టలు. అవేవీ రాత్రికి రాత్రి తయారైనవి కావు. గోదాముల్లో ఉన్నవే, విలువలేని డబ్బుకీ అబద్ధపు ధరకీ అమ్మబుద్ధికాక దాచుకున్నవే. ఇన్నాళ్ళూ సరుకు తిండిలేనివాడికి నాలుగు గోడల దూరంలోనే ఉంది. మధ్యలో అడ్డం నిలబడింది, అతని మేలు కోసం పెట్టిన ధరే.

ఈ కథ చెప్పే స్వేచ్ఛావాదులు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అది నాకు నచ్చదు. ఆ తర్వాతి నెలల్లో ధరలు బాగా పెరిగాయి, నిరుద్యోగమూ పెరిగింది. నవంబర్ 12న లక్షలాది కార్మికులు సమ్మెచేశారు. వాళ్ళ కోపంలో న్యాయముంది: దాచుకున్న సరుకున్నవాడు ఒక్క వారంలో లాభపడ్డాడు, బ్యాంకులో దాచుకున్న డబ్బున్నవాడు తుడిచిపెట్టుకుపోయాడు. ఇంటి అద్దెలూ బొగ్గూ ముఖ్యమైన తిండిగింజలూ ఇంకా అదుపులోనే ఉన్నాయి కూడా. అయినా ఎర్హార్డ్ వెనక్కి తగ్గలేదు, 1949 మొదలయ్యేసరికి ధరలు నెమ్మదించాయి. కొత్త కరెన్సీ లేకుండా ఇదంతా జరిగేదని నేననను. కానీ ధరలు పాతవే ఉండి కరెన్సీ ఒక్కటే మారుంటే ఆ గోదాముల తలుపులు తెరుచుకునేవని నమ్మడం కష్టం.

ఇంతకన్నా చిన్నది, నాకు ఇంతకన్నా బలంగా తాకేది ఇంకొకటుంది. చైనాలోని అన్హుయ్ రాష్ట్రంలో షియావ్‌గాంగ్ అనే పల్లె. 1978 చలికాలంలో ఒక రాత్రి అక్కడి రైతులు పద్దెనిమిదిమంది ఒక మట్టిగోడల ఇంట్లో రహస్యంగా కలిశారు. భూమి అంతా కమ్యూనుదే, అంటే ప్రభుత్వం పెట్టిన ఉమ్మడి వ్యవసాయ సంఘానిదే. ఎవరెంత ఒళ్ళొంచినా వచ్చేది ఒకటే గనక ఎవరూ ఒళ్ళొంచేవారు కాదు. ఆ ప్రాంతంవాళ్ళు కరువు నెలల్లో బిచ్చానికి పోవడం మామూలు, ఇరవై ఏళ్ళ కిందటి మహా కరువులో ఇళ్ళకిళ్ళే ఖాళీ అయ్యాయి. ఆ రాత్రి వాళ్ళు భూమిని ఇంటింటికీ పంచుకుంటున్నట్టు ఒక కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. ప్రభుత్వ వాటా కట్టేశాక మిగిలింది ఎవరిది వారికే. ఆ కాగితంలో ఇంకో మాట కూడా ఉంది: దీనివల్ల ఎవరైనా జైలుకిపోయినా, తల పోగొట్టుకున్నా, వాళ్ళ పిల్లల్ని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు పెంచాలి.

అదే నేల, అవే చేతులు, అవే పనిముట్లు. మరుసటి ఏడాది పంట అంతకుముందు ఏళ్ళకన్నా ఎన్నో రెట్లు వచ్చింది. తర్వాత పైవాళ్ళు దాన్ని ఒప్పుకున్నారు, కొన్నేళ్ళలో దేశమంతా కమ్యూన్లు రద్దయ్యాయి. దున్నుకునే హక్కు కోసం తన పిల్లల్ని ఇంకొకరికి అప్పజెబుతూ వేలిముద్ర వేసిన తండ్రి గురించి ఆలోచించినప్పుడల్లా, ఆర్థిక స్వేచ్ఛ అనేది డబ్బున్నవాడి విలాసం అనే మాట నా నోటికి రాదు.

అద్దెల నియంత్రణ విషయంలో నా మనసు మారడానికి చాలా కాలం పట్టింది, ఎందుకంటే అక్కడ మేలు పొందేవాడు నిజంగా ఉన్నాడు, ముసలివాడు, పేదవాడు, కళ్ళెదుట ఉన్నాడు. సాన్ ఫ్రాన్సిస్కోలో 1994లో ఓటింగు పెట్టి, 1980కి ముందు కట్టిన చిన్న భవనాలకి కూడా అద్దెల నియంత్రణ వర్తింపజేశారు. దాని ఫలితాల్ని ముగ్గురు స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు ఇంటింటి లెక్కలతో పరిశీలించి 2019లో ప్రచురించారు. అప్పటికే అద్దెకున్నవాళ్ళకి మేలు జరిగింది, ఉన్నచోటే ఉండగలిగారు. అయితే యజమానులు ఇళ్ళని అమ్మేసి, మార్చేసి, పడగొట్టి కట్టి, ఆ భవనాల్లో అద్దెకిచ్చే ఇళ్ళని 15 శాతం తగ్గించారు. దాంతో ఊరు మొత్తంమీద అద్దెలు దాదాపు 5 శాతం పెరిగాయి. పాత కిరాయిదారుకి అందిన సాయాన్ని, తర్వాత ఆ ఊరొచ్చిన కుర్రవాడు కట్టాడన్నమాట. స్టాక్‌హోమ్‌లో పద్దెనిమిదో ఏట ఇంటి కోసం క్యూలో పేరు రాయించుకోవచ్చు, ఇల్లు రావడానికి సగటున తొమ్మిదేళ్ళకి అటూఇటుగా, నగరం నడిబొడ్డున అయితే చాలాసార్లు ఇంకా ఎక్కువ. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి క్యూ గురించి తెలుస్తుంది. ముప్ఫయ్యో ఏట ఉద్యోగం వెతుక్కుంటూ వేరే దేశంనుంచి వచ్చినవాడికి తెలియదు. క్యూ కూడా ఒక ధరే, డబ్బుకి బదులు వయసుతో కట్టించుకునే ధర.

మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం చెడిందని తెలిశాక తీసేయొచ్చుగా అని అడుగుతారు. తీసేయడం ఎందుకు కష్టమో న్యూయార్క్ టాక్సీ బిళ్ళల కథ చెబుతుంది. 1937లో నగరం టాక్సీల సంఖ్యకి పరిమితి పెట్టింది, అనుమతిగా ఇచ్చే లోహపు బిళ్ళ ఉన్నవాడే టాక్సీ తిప్పాలి. దశాబ్దాలపాటు ఆ సంఖ్య 12 వేలలోపే నిలిచిపోయింది. మొదట్లో పది డాలర్లకి ఇచ్చిన బిళ్ళ 2014 నాటికి పది లక్షల డాలర్లు దాటింది. ఆ డబ్బంతా ప్రయాణికుల ఛార్జీల్లోంచి, బిళ్ళ లేక టాక్సీ నడపలేకపోయినవాళ్ళ పోయిన బతుకుల్లోంచి వచ్చింది. మొదట బిళ్ళ దొరికినవాళ్ళు అమ్ముకుని లాభంతో వెళ్ళిపోయారు. చివర్లో కొన్నవాళ్ళు, ఎక్కువమంది వలస వచ్చిన డ్రైవర్లు, ఇల్లు కొన్నట్టు జీవితకాలపు అప్పు చేసి కొన్నారు. అంతలో యాప్ టాక్సీలు వచ్చాయి, బిళ్ళ విలువ కూలిపోయింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ పాత నియమపు శిక్ష దాన్ని చేసినవాళ్ళనీ దాంతో లాభపడ్డవాళ్ళనీ వదిలేసి వీళ్ళ మీద పడింది. 2018లో కొందరు డ్రైవర్లు ఆత్మహత్య చేసుకున్నారు. 2021లో నిరాహార దీక్షలు చేశాక అప్పుల్ని బాగా తగ్గించే ఏర్పాటుకి నగరం ఒప్పుకుంది.

గోర్డన్ టల్లక్ అనే ఆర్థికవేత్త ఈ ఉచ్చుని 1975లోనే వర్ణించాడు. రక్షణ కల్పించిన కొత్తలో ఉన్న లాభం ఆ తర్వాత చేరినవాళ్ళకి ఉండదు, దాన్ని వాళ్ళు ముందే ధరలో కట్టేసి ఉంటారు. అందుకే తీసేస్తే మాత్రం నిండా మునుగుతారు. ఉంచితే అందరికీ నష్టం, తీస్తే అమాయకులకి నష్టం. ఇలాంటి నియమాన్ని మొదటిరోజే ఆపాలి తప్ప, తర్వాత న్యాయంగా విప్పే దారి దాదాపు లేదు. పైగా లాభం పొందేవాళ్ళు కొద్దిమంది, వాళ్ళకది జీవన్మరణ సమస్య, సంఘం పెట్టుకుని చట్టసభ మెట్ల మీద కూర్చుంటారు. నష్టం కోట్లమందికి తలా కాస్త, దానికోసం ఎవరూ పని మానుకుని రారు.

సమాజం విషయంలోనూ ఇదే జరుగుతుంది, అక్కడ కనబడని మనిషి ఒక్కోసారి శవంగా తేలతాడు. అమెరికాలో 1920 జనవరి నుంచి 1933 డిసెంబర్ దాకా మద్యనిషేధం నడిచింది. తాగుడువల్ల చితికిపోయిన ఇళ్ళని చూసి కడుపు మండిన ఆడవాళ్ళు దశాబ్దాలు పోరాడి తెచ్చుకున్న చట్టమది, వాళ్ళ బాధ అబద్ధం కాదు. జనం పరిశ్రమలకి వాడే ఆల్కహాల్‌ని దొంగిలించి శుద్ధిచేసి తాగుతున్నారని, ప్రభుత్వం అందులో మిథనాల్ అనే విషం మోతాదు పెంచమని ఆదేశించింది. తాగుతారని తెలిసీ పెంచింది. చూపు పోయినవాళ్ళు, ప్రాణం పోయినవాళ్ళు ఎక్కువగా మంచి సరుకు కొనలేని పేదలే. మనిషిని అతని నుంచే కాపాడాలని బయల్దేరిన రాజ్యం, అతను వినకపోతే అతని గ్లాసులో విషం కలిపించేదాకా వెళ్ళింది. పెద్దవాడైన మనిషి వేరొకరికి హాని చెయ్యనంతవరకు అతని శరీరం మీదా బతుకు మీదా అతనిదే చివరి మాట అని ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో రాసిన సూత్రం ఇక్కడ నాకు తత్వశాస్త్రంలా కనిపించదు, ప్రాణరక్షణ నియమంలా కనిపిస్తుంది.

బలవంతపు సైనికసేవ గురించి ఒక్క మాట. అమెరికాలో దాన్ని 1973లో ఆపడానికి తోవ వేసిన సంఘంలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త ఉన్నాడు. బలవంతంగా తెచ్చిన సైన్యం చవక అనే వాదనకి ఆర్థికవేత్తల జవాబు ఇది: అది చవక కాదు, జీతంలో తగ్గించిన భాగాన్ని ఆ కుర్రాడి నుంచి పన్నుగా లాక్కుంటున్నారు, బడ్జెట్లో కనబడటం లేదంతే.

ఇంతవరకు వాళ్ళతో నడిచాను. సీసం దగ్గర విడిపోతాను. పెట్రోల్లో సీసం కలిపితే ఇంజన్ సాఫీగా నడుస్తుందని 1921లో కనిపెట్టారు. మూడేళ్ళకే దాన్ని తయారుచేసేచోట కార్మికులు పిచ్చెక్కి చనిపోయారు. అయినా అది ప్రపంచమంతా పాకింది. దాన్ని మార్కెట్ ఆపలేదు. ఎవరి కారు పొగలోని సీసం ఏ పిల్లాడి మెదడులోకి వెళ్ళిందో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు గనక, నష్టపోయినవాడు దావా వేసుకోవాలన్న స్వేచ్ఛావాదుల మామూలు జవాబు ఇక్కడ పనికిరాదు. ప్రభుత్వాలు నిషేధించాయి కాబట్టే పోయింది, చిట్టచివరగా అల్జీరియాలో 2021లో. ఇక్కడ కనబడని మనిషి ఆ పిల్లాడు, అతని తరఫున మాట్లాడింది ఆంక్షే. నేను పట్టుకున్న కొలబద్ద స్వేచ్ఛావాదులకి ఎదురుతిరిగిన చోట దాన్ని పక్కన పెట్టేస్తే, నాదీ ఒక గుడ్డి నమ్మకమే అవుతుంది. వేరొకరి ఊపిరితిత్తుల్లోకి విషం వదలడం స్వేచ్ఛ కాదు, మిల్ సూత్రం ప్రకారం చూసినా కాదు.

మరి పేదవాడి సంగతేమిటి అన్నది నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. హాయెక్ 1944లో రాసిన పుస్తకంలోనే, ఎవరూ ఆకలితో, చలితో చావకుండా కనీస భరోసా ఇవ్వడం స్వేచ్ఛకి అడ్డం కాదన్నాడు. ఫ్రీడ్‌మన్ 1962లో, ఆదాయం తక్కువున్నవాళ్ళ దగ్గర పన్ను తీసుకోడానికి బదులు వాళ్ళకే డబ్బివ్వాలని ప్రతిపాదించాడు. పేదవాడికి డబ్బివ్వండి, ధరని మాత్రం ముట్టుకోకండి అన్నది వాళ్ళ మాట. ధరని ముట్టుకుంటే గోదాము మూసుకుపోతుంది, పేదవాడి చేతిలో ఎంత ఉన్నా కొనడానికి ఏమీ ఉండదు. నేను దీనితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇందుకయ్యే పన్ను కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. స్వేచ్ఛావాదుల్లో గట్టివాళ్ళు ఆ పన్నునీ దోపిడీ అంటారు, ఆ మాట నేననలేను.

లైసెన్సులకి నేను అడిగేది రెండు మార్పులు. ఒకటి, ప్రతి నియమానికీ గడువుతేదీ ఉండాలి, ఆ తేదీకి దాన్ని మళ్ళీ సమర్థించుకోలేకపోతే అదే రద్దయిపోవాలి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 1976లోనే ఇలాంటి చట్టం తెచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి. అయితే గడువు దగ్గరపడినప్పుడల్లా, లైసెన్సు ఉన్నవాళ్ళే గుంపుగా వచ్చి పొడిగించమని అడుగుతారు, లైసెన్సు దొరకనివాళ్ళు అప్పటికి ఎక్కడెక్కడో వేరే పనుల్లో ఉంటారు. అందుకని రెండోది కావాలి. అనుమతులిచ్చే ప్రతి ఆఫీసు నివేదికలోనూ ఇంకో వరుస: తిప్పి పంపాక మళ్ళీ రానివారు ఎంతమంది, ఏ నియమం దగ్గర ఆగిపోయారు.

ఆ వరుస నింపాలంటే ఎవరో ఒకరు లేచి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, తలుపు తట్టి, ఎందుకు రాలేదని అడగాలి. నేను వెళ్ళలేదు. ఆవిడ చిరునామా మూడు దరఖాస్తుల మీదా గుండ్రటి అక్షరాల్లో రాసే ఉంది.